సీజన్ చివరి శనివారం: ఓహాయో స్టేట్, మిషిగన్‌ల ఆట

(కొలంబస్ శివారులో జరిగిన తెలుగు కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగు విని రాశాం.)

అందరికీ నమస్కారం. వెనక వరసలో ఉన్నవాళ్లకి వినబడుతోందా? సరే. పిల్లలూ, ముందుకొచ్చి కూర్చోండి, ఈ మాటలు ముఖ్యంగా మీ కోసమే. మిషిగన్ వాళ్ల నీలం చొక్కా వేసుకొచ్చిన బాబు కూడా రావచ్చు నాన్నా, ఇక్కడ నిన్నెవరూ ఏమీ అనరు.

నిర్వాహకులు నన్నడిగింది ఒకటే. నవంబరు ఆఖర్లో మన ఓహాయో స్టేట్ యూనివర్సిటీకీ, పొరుగు రాష్ట్రంలో ఆన్ ఆర్బర్‌లో ఉన్న మిషిగన్ యూనివర్సిటీకీ అమెరికన్ ఫుట్‌బాల్ ఆట వచ్చిందంటే మన ఊళ్లో అందరికీ ఏమవుతుంది? యూనివర్సిటీలో ఎం అక్షరం కనబడిన ప్రతి బోర్డు మీదా ఎర్ర టేపుతో ఇంటూ మార్కు ఎందుకు వేస్తారు? ఏడాది పొడుగునా ఎంతో మర్యాదగా ఉండే మీ ఆఫీసు మేనేజరు, ఆ వారం మాత్రం మిషిగన్ అన్న పేరు పలకకుండా "ఆ ఉత్తరం వైపు జట్టు" అని ఎందుకంటాడు? కొత్తగా వచ్చినవాళ్లకి ఇదంతా వింతగానే ఉంటుంది. నా జవాబు ముందే చెప్పేస్తాను, తర్వాత కథల్లోకి వెళదాం. ఈ రెండు జట్లవాళ్లు ఒకళ్లకొకళ్లు మరీ దగ్గరవాళ్లు. ఇక్కడ పుట్టినవాడు అక్కడ ఆడతాడు. ఇక్కడి గురువు దగ్గర నేర్చుకున్నవాడు అక్కడ కోచ్ అవుతాడు. ఓడినవాడు గెలిచినవాడి మొహం మర్నాడు పొద్దున్నే చూడాలి. అందుకే ఇంత పట్టుదల.

ఆట తెలియనివాళ్లు ఎంతమంది? చేతులెత్తండి. చాలామందే ఉన్నారు, పరవాలేదు, రెండు ముక్కల్లో చెబుతాను. బంతి మీ దగ్గరుంటే పది గజాలు ముందుకెళ్లడానికి నాలుగు అవకాశాలిస్తారు. ఒక్కో అవకాశం ఒక డౌన్. పది గజాలు దాటితే ఫస్ట్ డౌన్ వచ్చిందంటారు, మళ్లీ కొత్తగా నాలుగు ఇస్తారు. దాటలేమనిపిస్తే బంతిని కాలితో తన్ని, వీలైనంత దూరంలో ఎదుటివాళ్లకి అప్పగిస్తారు. అది పంట్. ఈ రెండూ గుర్తుపెట్టుకోండి, ఫస్ట్ డౌన్, పంట్. కాసేపట్లో కావాలి.

ఇక్కడి నుంచి ఆన్ ఆర్బర్‌కి సుమారు 190 మైళ్లు. 23వ నంబరు రోడ్డు పట్టుకుంటే మూడు గంటలు. మీలో చాలామంది థాంక్స్‌గివింగ్‌కి నోవై, కాంటన్‌లలో ఉన్న చుట్టాలింటికి వెళ్లేది ఆ రోడ్డు మీదే కదా? దారిలో టొలీడో తగులుతుంది. ఆ టొలీడో కోసం ఒకప్పుడు ఓహాయో, ఇంకా రాష్ట్రం కాని మిషిగన్ తుపాకులు పట్టుకుని ఎదురుబొదురు నిలబడ్డాయని మీలో ఎంతమందికి తెలుసు?

పొలం గట్టు దగ్గర అన్నదమ్ముల తగాదా లాంటిదే అది. 1787 నాటి చట్టం మిషిగన్ సరస్సు దక్షిణపు కొస నుంచి తూర్పుకి గీసిన గీతని సరిహద్దుగా చెప్పింది. అప్పటి పటాల్లో ఆ కొస అసలున్న చోటు కంటే ఉత్తరంగా ఉంది. దాంతో ఓహాయో ఒక గీత గీసుకుంది, మిషిగన్ ఇంకో గీత గీసుకుంది. రెండు గీతల మధ్య 468 చదరపు మైళ్ల నేల. అందులోనే మౌమీ నది ఈరీ సరస్సులో కలిసే చోటు, టొలీడో రేవు. 1835లో ఇద్దరూ సైన్యాలు తోలారు. మిషిగన్ వైపు పెద్ద స్టీవెన్స్ మేసన్, అప్పటికి 23 ఏళ్ల కుర్రాడు. మరి యుద్ధంలో ఎంతమంది చనిపోయారు? ఒక్కరు కూడా లేరు. గాయపడింది ఒకే ఒక్కడు, జోసెఫ్ వుడ్ అనే డిప్యూటీ షెరీఫ్. ఆయన్ని చిన్న చాకుతో పొడిచినవాడి పేరు టూ స్టిక్నీ. అవును, టూ అంటే రెండే. ఆ ఇంట్లో కొడుకులకి వన్, టూ అని అంకెలే పేర్లుగా పెట్టారు.

చివరికి వాషింగ్టన్ తీర్పు చెప్పింది. టొలీడో ఓహాయోకి, దానికి బదులు మిషిగన్‌కి ఎగువ ద్వీపకల్పం. మిషిగన్ వాళ్లు మొదట ససేమిరా అన్నారు. ఆ తర్వాత 1836 డిసెంబరు చలిలో సభ పెట్టి ఒప్పుకున్నారు. 1837 జనవరి 26న రాష్ట్రమయ్యారు. ఆ సభ ఎక్కడ జరిగింది? ఆన్ ఆర్బర్‌లో! నష్టపోయామని ఏడ్చుకుంటూ తీసుకున్న ఆ ఉత్తరపు నేలలో తర్వాత రాగి, ఇనుము దొరికాయి.

ఫుట్‌బాల్ పోరుకి మూలం ఇదేనని పుస్తకాల్లో, టీవీల్లో చెబుతారు. నేను పూర్తిగా ఒప్పుకోను. మొదటి ఆట 1897లో జరిగింది, అంటే టొలీడో గొడవ సద్దుమణిగిన అరవై ఏళ్లకి. మిషిగన్ 34-0తో గెలిచింది. 1902లో 86-0. 86! మొదటి 15 ఆటల్లో మిషిగన్ 13 గెలిచింది, రెండు సమం. ఒకళ్లే గెలుస్తూ ఉంటే దాన్ని పోరు అంటామా? అనం కదా. ఓహాయో స్టేట్ మొదటిసారి గెలిచింది 1919లో, మిషిగన్ వాళ్ల ఊళ్లోనే, 13-3తో. చిక్ హార్లీ అనే కుర్రాడు గెలిపించాడు. అతను తెచ్చిన ఊపు వల్లే 1922లో మన గుర్రపునాడా స్టేడియం లేచింది. దాని ప్రారంభోత్సవానికి పిలిచింది ఎవర్ని? మిషిగన్‌నే. వాళ్లొచ్చి 19-0తో గెలిచి వెళ్లారు.

1934లో ఫ్రాన్సిస్ ష్మిట్ అనే కొత్త కోచ్ వచ్చాడు. మిషిగన్ వాళ్లు కూడా అందరిలాగే ప్యాంటు ఒక్కో కాలికే తొడుక్కుంటారు అని విలేకరులకి చెప్పాడు. ఆ ఏడు 34-0తో గెలిచారు. అప్పటి నుంచి మిషిగన్ మీద గెలిచిన ప్రతి ఏటా ఓహాయో స్టేట్ ఆటగాళ్లకి చిన్న బంగారు ప్యాంటు బిళ్ల ఇస్తారు. మన పిల్లల మొలతాడుకి కట్టే బిళ్లంత ఉంటుంది. కొలంబస్‌లో చాలామంది పెద్దవాళ్లు దాన్ని పెళ్లి ఉంగరంతో సమానంగా దాచుకుంటారు. 1935 నుంచి ఈ ఆట సీజన్ చివర్లో పెట్టడం మొదలైంది. ఆ మాట పక్కన పెట్టుకోండి, చివర్లో మళ్లీ దాని దగ్గరికి వస్తాను.

ఇప్పుడు మంచు ఆట. నాకు అన్నిటికంటే ఇష్టమైన కథ ఇదే, కాస్త తీరిగ్గా చెప్పనివ్వండి.

1950 నవంబరు 25, కొలంబస్. ఆ రోజు ఈ ప్రాంతం మొత్తాన్నీ భయంకరమైన మంచు తుపాను కమ్మేసింది. ఆట ఆపేస్తే బావుండునని అందరూ అనుకున్నారు, కానీ ఆపలేదు. అంత మంచులో 50,503 మంది వచ్చి కూర్చున్నారు. మైదానం మీద గీతలు కనబడటం లేదు. చీపుళ్లు పట్టుకుని ఊడిస్తే ఒక గీత బయటపడుతుంది, మళ్లీ రెండు నిమిషాల్లో మంచు కప్పేస్తుంది. చేతుల్లో బంతి నిలవదు. బంతి మన దగ్గరుండటమే ప్రమాదం. మరేం చేస్తారు? తన్ని అవతలివాడికి ఇచ్చేయడమే. పంట్ మీద పంట్. మిషిగన్ 24 సార్లు తన్నింది, ఓహాయో స్టేట్ 21 సార్లు. ఒక్క ఆటలో 45 పంట్‌లు!

మొదట ఓహాయో స్టేట్ వాళ్లు మిషిగన్ పంట్‌ని అడ్డుకున్నారు. మంచులో దొర్లుతున్న బంతి మీద పడి పట్టుకున్న ఆటగాడు బాబ్ మామ్సెన్. దాంతో ఓహాయో స్టేట్ ఆటగాడు విక్ జానోవిజ్ ఆ మంచులో, ఆ గాలిలో ఫీల్డ్ గోల్ కొట్టాడు, అంటే బంతిని గోల్ స్తంభాల మధ్య నుంచి తన్ని మూడు పాయింట్లు తెచ్చాడు. 3-0. ఆ గోల్ గురించి ఇప్పటికీ చెప్పుకుంటారు. తర్వాత మిషిగన్ ఒక పంట్‌ని అడ్డుకుంది, బంతి గోల్ గీత దాటి బయటికి పోయింది, రెండు పాయింట్లు. 3-2. సగం ఆట ముగియడానికి నిమిషం కూడా లేదు. ఓహాయో స్టేట్ కోచ్ వెస్ ఫెస్లర్ బంతిని పట్టుకుని కాలక్షేపం చెయ్యకుండా మళ్లీ పంట్ చెయ్యమన్నాడు. మిషిగన్ ఆటగాడొకడు దూసుకొచ్చి ఆ పంట్‌ని అడ్డుకున్నాడు, గోల్ గీత అవతల బంతి మీద పడ్డాడు. దాన్నే టచ్‌డౌన్ అంటారు, ఆరు పాయింట్లు, ఆ పైన తన్నుకి ఇంకొకటి. మిషిగన్ 9, ఓహాయో స్టేట్ 3. ఆట అక్కడితో అయిపోయింది, రెండో సగంలో ఎవరికీ ఒక్క పాయింటు రాలేదు.

ఆ పంట్ అడ్డుకున్న మిషిగన్ ఆటగాడి పేరేంటో తెలుసా? టోనీ మామ్సెన్. ఇందాక ఓహాయో స్టేట్ తరఫున బంతి మీద పడింది ఎవరన్నాను? బాబ్ మామ్సెన్. ఇద్దరూ అన్నదమ్ములు. ఊరు ఎక్కడ? టొలీడో! ఒకే ఇంట్లో పెరిగిన ఇద్దరు ఆ రోజు ఆ మంచులో చెరో వైపు నిలబడి, ఆటలో ముఖ్యమైన రెండు ముక్కలూ వాళ్లే ఆడారు. వాళ్లమ్మగారు ఎవరి వైపు చూసి ఉంటుందో ఆలోచించండి.

మిషిగన్‌కి ఆ రోజు ఒక్క ఫస్ట్ డౌన్ కూడా రాలేదు. గుర్తుందా ఫస్ట్ డౌన్ అంటే? ఒక్కటీ రాలేదు. ఒక్క పాసు కూడా చేతికి అందలేదు. అయినా గెలిచారు. వీళ్లున్న కాన్ఫరెన్స్‌లోనే, అంటే యూనివర్సిటీల కూటమిలోనే ఉన్న ఇలినాయ్ కూడా అదే రోజు ఓడిపోవడంతో, సీజన్ అయ్యాక జరిగే పెద్ద ఆట రోజ్ బౌల్‌కి మిషిగన్ వాళ్లే వెళ్లారు. ఇక్కడ ఆ పంట్ నిర్ణయాన్ని జనం క్షమించలేదు. ఫెస్లర్ రాజీనామా చేశాడు. ఆ కుర్చీలోకి వచ్చినవాడే వుడీ హేస్.

వుడీ హేస్ పేరు విననివాళ్లు ఈ ఊళ్లో ఉండరు. యూనివర్సిటీ దగ్గర రోడ్డుకే ఆయన పేరుంది కదా. 1951 నుంచి 1978 దాకా 28 సీజన్లు ఆయనే కోచ్. మిషిగన్‌లో ఉండగా పెట్రోలు అయిపోతున్నా అక్కడ పోయించుకోడని చెప్పుకుంటారు. ఆ వుడీకి ఒక శిష్యుడు. ఓహాయోలోని బార్బర్టన్‌లో పుట్టినవాడు, ఓహాయోలోనే ఉన్న మయామీ అనే కాలేజీలో వుడీ చేతికింద ఆడినవాడు, తర్వాత కొలంబస్‌లో వుడీకి సహాయకుడిగా పనిచేసినవాడు. పేరు బో షెంబెక్లర్. 1969లో ఈ శిష్యుణ్ని మిషిగన్ తన కోచ్‌గా పెట్టుకుంది.

అంతకుముందు ఏడు ఓహాయో స్టేట్ మిషిగన్‌ని 50-14తో చిత్తు చేసింది. బో వచ్చాక ఆ 50 అంకెని సాధన చేసే చోట ఆటగాళ్ల కళ్లెదుటే పెట్టించాడు. 1969లో ఓహాయో స్టేట్ దేశంలోనే మొదటి స్థానం, వరసగా 22 ఆటలు గెలిచి ఆన్ ఆర్బర్ వెళ్లింది. అలాంటి జట్టు ఇక ఓడదనే దేశమంతా అనుకుంది. మిషిగన్ 24-12తో గెలిచింది. గురువు ఎత్తులన్నీ తెలిసిన శిష్యుడు కదా మరి! అక్కడి నుంచి పదేళ్లు గురుశిష్యులు ఎదురెదురు. దాన్నే పదేళ్ల యుద్ధం అంటారు. బో అయిదు గెలిచాడు, వుడీ నాలుగు, ఒకటి సమం. నన్నడిగితే ఈ పోరుకి అసలు మూలం ఆ పదేళ్లే.

ఆ సమమైన ఆట 1973లో. రెండు జట్లూ అప్పటికి ఓటమి లేకుండా వచ్చాయి. 10-10. మరి రోజ్ బౌల్‌కి ఎవరు వెళ్లాలి? కాన్ఫరెన్స్‌లోని అథ్లెటిక్ డైరెక్టర్లు, అంటే యూనివర్సిటీల క్రీడా విభాగాల పెద్దలు, ఓటు వేసి ఓహాయో స్టేట్‌ని పంపారు. మిషిగన్ క్వార్టర్‌బ్యాక్, అంటే బంతి అందుకుని ఆట నడిపేవాడు, డెనిస్ ఫ్రాంక్లిన్‌కి ఆ ఆటలో మెడ కింద ఎముక విరిగింది, అదీ ఓ కారణం. అప్పట్లో ఈ కాన్ఫరెన్స్ నుంచి ఒక్క జట్టే బౌల్ ఆటకి వెళ్లాలి, రెండోవాళ్లు ఇంటికే. ఇప్పుడు ఈ లెక్క వినండి. 1972, 73, 74, మూడేళ్లలో మిషిగన్ 33 ఆటలాడింది. 30 గెలిచింది. ఓడింది రెండే. ఆ రెండూ ఎవరి చేతిలో? ఓహాయో స్టేట్ చేతిలో. సమమైన ఆ ఒక్కటీ ఓహాయో స్టేట్‌తోనే. ఆ మూడేళ్లలో ఒక్క బౌల్ ఆట కూడా వాళ్లకి దక్కలేదు. నేను కొలంబస్ వాణ్ని, ఎర్ర చొక్కా వేసుకునేవాణ్ని. అయినా చెబుతున్నాను, ఆ కుర్రాళ్లకి అన్యాయం జరిగింది. బో ఆ ఓటు సంగతి బతికున్నన్నాళ్లూ మరిచిపోలేదు.

వుడీ ముగింపు బాగోలేదు. 1978 డిసెంబరులో గేటర్ బౌల్‌లో ఎదుటి జట్టు ఆటగాణ్ని చేత్తో కొట్టాడు. ఉద్యోగం పోయింది. పోవాల్సిందే, ఆటగాడి మీద చెయ్యి చేసుకున్న కోచ్‌ని ఉంచకూడదు. కానీ ఆ తర్వాత కూడా గురుశిష్యుల మధ్య ప్రేమ తగ్గలేదు. 1987లో ఆరోగ్యం ఏమీ బాగోలేని రోజుల్లో, డేటన్‌లో బో మాట్లాడే ఒక విందు సభకి వుడీ వెళ్లి శిష్యుణ్ని సభకి పరిచయం చేశాడు. ఆ వెంటనే వుడీ పోయాడు. పదేళ్లు మైదానంలో అరుచుకున్న మనుషులు!

ఇంకో సంగతి. 2006లో ఓహాయో స్టేట్ ఒకటో స్థానం, మిషిగన్ రెండో స్థానం, ఆట మన ఊళ్లో. దేశమంతా ఎదురుచూస్తోంది. ఆటకి ముందు రోజు, నవంబరు 17న, బో షెంబెక్లర్ చనిపోయాడు. మర్నాడు మన స్టేడియంలో లక్షమంది ఓహాయో జనం ఆయన కోసం లేచి మౌనంగా నిలబడ్డారు. ఆట 42-39తో ఓహాయో స్టేట్ గెలిచింది.

పిల్లలూ, మీకొక ప్రశ్న. మిషిగన్ గొప్ప ఆటగాళ్లు డెస్మండ్ హోవర్డ్, చార్ల్స్ వుడ్సన్. 1991లో ఓహాయో స్టేట్ మీద 93 గజాలు పరిగెత్తి, ఏటా ఉత్తమ ఆటగాడికిచ్చే హైస్‌మన్ ట్రోఫీ బొమ్మలాగా ఒంటికాలి మీద నిలబడి చూపించినవాడు హోవర్డ్. ఆ ఏడు ఆ ట్రోఫీ అతనికే వచ్చింది. 1997లో వుడ్సన్‌కి. వీళ్లిద్దరూ ఏ రాష్ట్రం వాళ్లు? చెప్పండి. ఓహాయో! హోవర్డ్ క్లీవ్‌లాండ్, వుడ్సన్ ఫ్రీమాంట్. మనల్ని ఎక్కువ ఏడిపించింది మన ఊళ్ల పిల్లలే.

మన తెలుగు ఇళ్లలో కూడా ఇప్పుడు ఇదే జరుగుతోంది. డబ్లిన్‌లో, పావెల్‌లో పుట్టి పెరిగిన పిల్లకి ఆన్ ఆర్బర్‌లో సీటొస్తుంది. తమ్ముడు ఇక్కడే ఓహాయో స్టేట్‌లో చేరతాడు. థాంక్స్‌గివింగ్‌కి ఇంట్లో గారెలు వేగుతుంటే అక్కా తమ్ముడూ స్కోరు గురించి కొట్టుకుంటారు. అమ్మలూ, అడ్డుపడకండి. వాళ్లిద్దరూ చెరో చొక్కా వేసుకుని ఒకే సోఫాలో కూర్చోవడం మామ్సెన్ల ఇంటి నుంచి వస్తున్న పద్ధతే. ఆటకి ముందు వారాల్లో రెండు యూనివర్సిటీల విద్యార్థులు రక్తదానంలో కూడా పోటీపడతారు, ఎవరు ఎక్కువిస్తారని. మీ పిల్లల్ని అందులోకి తప్పకుండా పంపండి. ఆ పోటీలో ఎవరు గెలిచినా నాకు సంతోషమే.

నచ్చనిదీ చెప్పాలి. 2024లో మిషిగన్‌కి అసలు ర్యాంకే లేదు. ఓహాయో స్టేట్ రెండో స్థానం. మన స్టేడియంలోనే 13-10తో ఓడిపోయాం. వరసగా నాలుగో ఏడు ఓటమి. తర్వాత వాళ్లు మైదానం నడిమధ్య జెండా పాతబోయారు, మనవాళ్లు మీద పడ్డారు, పోలీసులు పెప్పర్ స్ప్రే కొట్టాల్సి వచ్చింది. రెండు యూనివర్సిటీలకీ చెరో లక్ష డాలర్ల జరిమానా పడింది. ఆ రోజు నాకు ఓటమి కంటే ఆ గొడవే ఎక్కువ బాధ కలిగించింది. జెండా పాతడం తప్పు, చెయ్యెత్తడం ఇంకా పెద్ద తప్పు.

కానీ చూడండి, ఆ ఓడిన జట్టే రెండు నెలలు తిరక్కుండా, 2025 జనవరి 20న, నోటర్ డామ్‌ని 34-23తో ఓడించి దేశ ఛాంపియన్ అయింది. దేశంలో మొదటి జట్టు! మరి ఊళ్లో జనం తృప్తిపడ్డారా? పండగ చేసుకున్నారు, నిజమే. కానీ "మిషిగన్‌తో ఓడారుగా" అన్న మాట ఆగలేదు. 2025 నవంబరు 29న ఆన్ ఆర్బర్‌లో 27-9తో గెలిచాకే ఓహాయో స్టేట్ కోచ్ రయన్ డే కాస్త ఊపిరి తీసుకున్నాడు. ఛాంపియన్‌షిప్ టీవీలో చూసి సంబరపడేది. ఇది పక్కింటాయనతో, పక్క సీటు సహోద్యోగితో, బావగారితో ఏడాది పొడుగునా మోసేది. ఇలాంటి ఆటని ర్యాంకులతో కొలవలేం.

ఇక ఇందాక పక్కన పెట్టమన్న మాట. 2010లో కాన్ఫరెన్స్‌లోకి కొత్త జట్టు వస్తున్నప్పుడు, ఈ ఆటని సీజన్ మధ్యలోకి జరుపుదామన్న ఆలోచన వచ్చింది. రెండు రాష్ట్రాల జనమూ గట్టిగా వద్దన్నారు. ఎర్రవాళ్లూ నీలంవాళ్లూ కలిసి అడిగిన కొద్ది వాటిలో అదొకటి. ఆట కదల్లేదు. ఇప్పుడు కాన్ఫరెన్స్‌లో 18 జట్లున్నాయి, దేశ ఛాంపియన్‌ని తేల్చే ప్లేయాఫ్‌లో 12 జట్లున్నాయి. చివరి వారంలో ఓడినా ప్లేయాఫ్‌కి వెళ్లొచ్చు కాబట్టి దీన్ని ముందుకి జరిపితే ఏం పోయిందని అడిగేవాళ్లు మళ్లీ బయల్దేరారు. నేను గట్టిగా వద్దంటాను. ఎండ కాసే అక్టోబరులో ఆడితే అది ఇంకో ఆట అవుతుంది. 1950 లాంటి చలి రావాలి, ఏడాదంతా కష్టపడ్డ జట్టుకి ఇంకేమీ మిగలకూడదు, రెండు ఇళ్ల జనం ఒక ఇంట్లో చేరి ఉండాలి. అవన్నీ కలిసేది ఆ ఒక్క శనివారమే.

ఈసారి ఆ 23వ నంబరు రోడ్డు మీద వెళ్లేవాళ్లు టొలీడో దగ్గర కాసేపు ఆగి, పిల్లలకి మౌమీ నది చూపించండి. ప్రశ్నలుంటే అడగండి. నీలం చొక్కా బాబూ, ముందు నీది.